ఉప్పక్క వేసిన మెరుపులు

పాడుబడ్డ గని అడుగున, కొండంత రాయి నెత్తిన పెట్టుకుని, ఉప్పక్క మధ్యాహ్నం భోజనం ఒంటరిగా చేసేది. పొగరనుకునేరు. పొగరు కాస్త ఉన్నమాట నిజమే గానీ ఒంటరి భోజనానికి కారణం అది కాదు, అది ఉద్యోగంలో భాగం. నలుగురితో కూర్చుంటే మాటల్లో మాటగా ఎక్కడ నోరు జారుతుందో, నోరు జారకపోయినా మొహం ఎక్కడ చెప్పేస్తుందో అని భయం. ఆవిడ లోపల ఏముంటే అది మొహం మీద అచ్చయిపోతుంది. అలాంటి మొహమున్న మనిషికి రహస్యం కాపాడే పని అప్పగించారంటే, అప్పగించినవాళ్ళ తెలివిని మెచ్చుకోవాల్సిందే.

ఇంతకీ ఆ రహస్యమేమిటో తెలియాలంటే ముందు ఆ గని సంగతి చెప్పాలి. ఒకప్పుడు అందులో రాగి తవ్వేవారు. రాగి అయిపోయాక అడుగున ఒక ల్యాబు పెట్టారు. ల్యాబు మధ్యలో పెద్ద ఉక్కు ట్యాంకు, దాని నిండా చలికి ద్రవంగా మారిన జెనాన్ అనే వాయువు, లోపలంతా చీకటి, ఆ చీకట్లోకి రెప్ప వేయకుండా చూసే సెన్సార్లు. నక్షత్రాల గుంపులు తిరిగే వేగం కొలిచిన వాళ్ళకి ఒక చిక్కు వచ్చిపడింది. అంత వేగంతో తిరిగితే అంచున ఉన్న నక్షత్రాలు ఎప్పుడో చెల్లాచెదురైపోవాలి. పోలేదు. కళ్ళకి కనిపించే పదార్థం బరువు వాటిని పట్టి ఉంచడానికి ఏ మూలకీ చాలదు. అంటే కనపడనిదేదో పట్టుకుని ఉంది. లెక్క వేస్తే, మనకి తెలిసిన పదార్థమంతా కలిపినదానికి అది ఐదింతలు ఉంది. అదేమిటో ఎవరికీ తెలియదు. పేరు మాత్రం పెట్టేశారు, కృష్ణ పదార్థమని. పేరు పెట్టగానే సగం అర్థమైపోయినట్టు మురిసిపోవడం మనుషులకి ఎప్పటినుంచో ఉన్న జబ్బు.

అది మన ఒంట్లోంచీ, గోడల్లోంచీ, ఆ గని రాళ్ళలోంచీ చడీచప్పుడూ లేకుండా దూసుకుపోతూ ఉంటుందని ఒక ఊహ. ఎప్పుడైనా ఏ ఒక్క కణమో జెనాన్‌కి తగిలితే చిన్న మెరుపు మెరవాలి. ఆ మెరుపు కోసమే అక్కడ కాపలా. నేల మీదైతే ఆకాశం నుంచి వానలా పడే రకరకాల కణాల గోలలో ఈ మెరుపు ఆనవాలు దొరకదు, అందుకే అంత లోతుకి దిగారు.

ఏళ్ళ తరబడి ఏమీ కనపడనివాడికి ఏదో ఒకటి కనపడాలనే తాపత్రయం పుడుతుంది. ఆ తాపత్రయం లెక్కల్లో దూరితే కొంప మునిగినట్టే. అందుకని అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒక మనిషి, ఒకే ఒక మనిషి, డేటాలో దొంగ మెరుపులు కలుపుతుంది. అసలువాటికీ వీటికీ తేడా ఎవరూ పట్టలేరు. ఎన్ని కలిపిందీ, ఎక్కడ కలిపిందీ ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు. మిగతావాళ్ళంతా లెక్కలు పూర్తిచేసి, ఇక వీటిలో వేలు పెట్టబోమని చేతులెత్తి ఒప్పుకున్నాక, మూత తీస్తారు. అంటే ఆ మనిషి కంప్యూటర్లో తన తాళం తెరిచి దొంగవాటిని పక్కకి తీసేస్తుంది. అప్పుడు మిగిలిందే నిజం. ఇలా కలపడాన్ని అక్కడ ఉప్పు వేయడం అంటారు. అదీ ఉప్పక్క ఉద్యోగం. ఆవిడ అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఈ పద్ధతి పెట్టింది పెద్దాయన. ల్యాబు కట్టిందీ ఆయనే, ఉప్పక్కకి చదువు చెప్పిందీ ఆయనే. మొదటిసారి తాళం చేతికిచ్చినప్పుడు, "దొంగ బయటెక్కడో లేడమ్మాయ్, మన కోరికే దొంగ. వాడికి నువ్వు కాపలా. నేనొచ్చి అడిగినా తలుపు తీయకు" అన్నాడు. ఆవిడ ఆ మాట పట్టుకుని కూర్చుంది. ఆవిడ మాట పట్టుకుంటే ఉడుం పట్టే.

సిటీ బస్సు నడిపే ఆవిడ మొగుడికి మాత్రం ఇదంతా పెద్ద వేళాకోళం. "మా ఆవిడది మహా గొప్ప ఉద్యోగం. ఇన్నేళ్ళయినా ఏమీ దొరకలేదు, అయినా జీతమిస్తారు. నేను ఒక్క స్టాపులో ఆపకపోతే చొక్కా పట్టుకుంటారు" అని డిపోలో అందరికీ చెప్పేవాడు.

చొక్కా పట్టుకునే రోజు ల్యాబుకీ వచ్చింది. పై ఆఫీసులో కొత్తగా ఒక మేడమ్ చేరింది. ఏమీ దొరకని చోట ఇంకా ఎందుకు తవ్వుతున్నారన్నది ఆవిడ ప్రశ్న. ఈసారి మూత తీసే రోజున తానే గనిలోకి దిగుతాననీ, అక్కడికక్కడే ల్యాబు ఉండేదీ లేనిదీ తేలుస్తాననీ కబురు పెట్టింది. ఆ కబురుతో అందరి మొహాలూ మారిపోయాయి. పెద్దాయన తిండి మానేశాడు. లెక్కలు చూసే కుర్చీలో కూర్చునే మనిషిని అక్కడ లెక్కలాయన అంటారు, ఆయన భార్యకి అప్పుడే కవలలు పుట్టారు. ఆయన స్క్రీన్ మీద చిన్న మచ్చ కనపడినా ఉలిక్కిపడి లేచేవాడు. ఉప్పక్క అందరి కళ్ళల్లోనూ ఒకటే చూసింది, ఆకలి. ఆకలితో ఉన్నవాడికి ఎటు చూసినా తిండే కనిపిస్తుంది. అందుకని ఎప్పుడూ ఒకటో రెండో వేసే మనిషి ఈసారి ఉప్పు దట్టంగా దట్టించింది.

లెక్కలు ముగిసేసరికి ఆరు మెరుపులు తేలాయి.

ల్యాబంతా పండగైపోయింది. లెక్కలాయన అందర్నీ కావలించుకున్నాడు, తలుపుని కూడా. పెద్దాయన టేబుల్ మీద దరువు వేశాడు. ఉప్పు ఉంటుందని తెలుసు, కానీ ఆరింటిలో ఎంతని ఉంటుంది, ఒకటి పోనీ, రెండు పోనీ! నాలుగు మిగిలినా ప్రపంచం తలకిందులవుతుంది. ఉప్పక్క గోడవైపు తిరిగి, ఏదో కేబుల్ సరిచేస్తున్నట్టు నిలబడింది. తన మొహం ఎవరి కంటా పడకూడదు మరి.

మేడమ్ వచ్చే ముందురోజు ఉప్పక్క పాత పంపు గదిలో డబ్బా విప్పుకుని కూర్చుంటే, తలుపు తోసుకుని పెద్దాయన వచ్చాడు.

"మీరిక్కడికి రాకూడదు సార్. మీరు పెట్టిన రూలే."

"పెట్టినవాడికి సడలించే హక్కుండదా?"

"ఉండదు."

ఆయన బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అది లేకపోతే ఆయన తల ఎంత చిన్నదో, ఎంత ముసలిదో అప్పుడే మొదటిసారి చూసినట్టనిపించింది ఆవిడకి.

"మేడమ్‌కి ఫోన్ చేశానమ్మాయ్. దొరికిందని చెప్పేశాను."

ఆవిడ ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. "మూత తీయకుండానే?"

ఆయన ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ తల తిప్పుకునేలోపే చదవాల్సింది చదివేశాడు.

"అన్నీ నీవేనా?"

"నేనేమీ చెప్పను."

"చెప్పక్కర్లేదు." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "రేపు రెండని చెప్పు."

ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. ఆకలి చచ్చిపోయింది.

"ఎవరికీ నష్టం లేదమ్మాయ్. రెండేళ్ళు గడువిస్తారు. ఈలోగా కొత్త డేటా వస్తుంది, తప్పైతే అదే సర్దుకుంటుంది. అసలుది దొరికితే ఇంకేం కావాలి?"

"నష్టం లేదా? ఆ నాలుగు మెరుపుల్ని నమ్ముకుని ప్రపంచంలో ఎంతమంది పిల్లలు చదువులు మార్చుకుంటారు సార్? ఎన్ని చోట్ల కొత్త గోతులు తవ్వుతారు? లేని చోట వెతుకుతూ ఎన్ని జీవితాలు తెల్లారిపోతాయి?"

"నా జీవితం తెల్లారిపోయింది, అది చూడవా?" అన్నాడాయన. "నిన్ను కూతురికంటే ఎక్కువగా చూశాను. ఇన్నేళ్ళలో నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఈ ఒక్కటీ అడుగుతున్నాను."

"ఇంకేదైనా అడగండి, కాదంటే చూడండి."

"ఇంకేం చేసుకుంటాను?" అని లేచి వెళ్ళిపోయాడు. తలుపు కూడా వేయలేదు.

ఉప్పక్క ఏడ్చింది. గురువు అంత దిగజారినందుకు కోపమొచ్చింది, అంత దిగజారేదాకా ఆయన పడ్డ బాధ తలుచుకుంటే జాలేసింది, ఆ జాలి ఎక్కడ తనని మెత్తబరుస్తుందోనని మళ్ళీ కోపమొచ్చింది. ఆయన కోసం ఏదైనా చేస్తుంది. ఆస్పత్రిలో పడుంటే సేవ చేస్తుంది, ఇల్లు లేకపోతే ఇంట్లో గది ఇస్తుంది. ఇది మాత్రం చేయదు. చేస్తే ఆయన నేర్పిన చదువుకే మిగతా జన్మంతా మొహం చాటేసుకు తిరగాలి.

సాయంత్రం వంటింట్లో మొగుడు కూరగాయలు తరుగుతూ ఆవిడవైపు ఓరగా చూశాడు. "ఎన్ని వేశావో నాకైనా చెప్పకూడదా?"

"చెప్పను."

"రేపు నిజం చెబితే ఏమవుతుంది?"

"ల్యాబు మూసేస్తారు. నాతోపాటు అందరి ఉద్యోగాలూ పోతాయి. లెక్కలాయనకి ఇద్దరు పసిపిల్లలు."

"అబద్ధమాడితే?"

"ఉంటాయి. పెద్దాయన హాయిగా రిటైరవుతాడు. నన్నెవరూ పట్టుకోలేరు కూడా."

మొగుడు కత్తి పక్కన పెట్టాడు. "ఆమధ్య మా అమ్మ మందులు వేసుకుందని నాతో చిన్న అబద్ధమాడావు, గుర్తుందా? వారం రోజులు ఇంట్లో ఎలా తిరిగావో నేను చూశాను. ఇంతటి అబద్ధమాడితే ఆ మొహం జన్మంతా నేను చూడాలి. నా వల్ల కాదు తల్లీ. ల్యాబు మూస్తే మూశారు, బస్సు నడుస్తూనే ఉంటుంది. నిజమే చెప్పేసి రా."

అంత బాధలోనూ ఉప్పక్కకి నవ్వొచ్చింది. మనసు కుదుటపడి నిద్ర కూడా పట్టింది.

మర్నాడు పొద్దున్నే మేడమ్ దిగింది. హెల్మెట్ కళ్ళ మీదకి జారిపోతుంటే మాటిమాటికీ పైకి తోసుకుంటూ, అయినా ఏ ఒక్కటీ వదలకుండా ప్రతి పరికరం గురించీ అడిగింది. చెడ్డ మనిషేం కాదు. సమాధానాలు కావాల్సిన కుర్చీలో కూర్చుంది, అంతే. అందరూ కంట్రోల్ రూములో చేరారు. పెద్ద స్క్రీన్ మీద ఆరు తెల్ల చుక్కలు. పెద్దాయన వాటి గురించి ఎంత బాగా మాట్లాడాడంటే, ఉప్పు వేసిన చెయ్యికే క్షణంసేపు అవి నిజమేమో అనిపించింది. ఇక లెక్కలు మార్చబోమని అందరూ చేతులెత్తారు. పెద్దాయన కూడా ఎత్తాడు.

"ఇక మూత తీద్దాం. ఉప్పు ఎన్ని?" అన్నాడు ఆవిడవైపు చూడకుండా.

"ఐదు."

ఎవరిదో పెన్ను కిందపడింది. లెక్కలాయన మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"రెండు అయ్యుంటాయి," అన్నాడు పెద్దాయన మేడమ్‌తో, తొణక్కుండా. "ఈవిడకి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు. మతి స్థిమితంగా లేదు. పని ఒత్తిడి."

ఉప్పక్కకి చెంప మీద కొట్టినట్టయింది. నిన్న అడిగినందుకు క్షమించగలదేమో గానీ, నలుగురిలో ఈ మాట అన్నందుకు ఒళ్ళు భగ్గుమంది. ఇంకో మాట మాట్లాడకుండా కీబోర్డు దగ్గరికి నడిచింది. తాళం తెరిచింది. స్క్రీన్ మీద ఒక చుక్క ఎర్రబడింది. తర్వాత ఇంకోటి. ప్రతి చుక్క కిందా ఎప్పుడు కలిపిందీ, ఎక్కడ కలిపిందీ పడుతూనే ఉంది. ఐదూ ఎర్రబడేదాకా ఆవిడ వెనక్కి తిరగలేదు.

"ఎందుకే ఇన్ని?" పెద్దాయన అరిచాడు. "ఎప్పుడూ ఒకటో రెండో కదా! ఈసారే ఎందుకు?"

"ఈసారి మీ ఆకలి చూసి భయమేసింది సార్."

ఆయన వెళ్ళి ఓ కుర్చీలో కూర్చున్నాడు.

మేడమ్ హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. "ఆ తెల్లగా మిగిలింది ఏమిటి?"

"తెలియదు," అంది ఉప్పక్క.

"తెలియదంటే?"

"తెలియదంటే తెలియదనే. చుట్టూ ఉన్న రాళ్ళ వల్ల కూడా అప్పుడప్పుడూ అలాంటిది ఒకటి వస్తుంది. బహుశా అదే. కాకపోనూ వచ్చు. ఒక్కదాన్ని చూసి ఏదీ చెప్పలేం."

"ఇన్నేళ్ళు వెతికారు. పైవాళ్ళకి నేనేం చెప్పను?"

"తెలియదనే చెప్పండి మేడమ్. నోరేం పడిపోదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మేడమ్ నవ్వలేదు. "అయితే దీన్ని నడపడానికి నాకు కారణమేదీ కనపడటం లేదు. ఏమీ దొరకలేదు కాబట్టి మూసేస్తున్నామని రాస్తాను."

అప్పుడు ఉప్పక్క లోపల ఇన్నాళ్ళూ అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"మూయండి. తాళాలు మీ చేతిలో ఉన్నాయి, వద్దనడానికి నేనెవర్ని? కానీ అక్కడ ఏమీ లేదన్నట్టు మాత్రం రాయకండి. ఏదో ఉంది, దాని బరువుతోనే నక్షత్రాలు చెదిరిపోకుండా తిరుగుతున్నాయి. లేదంటే బరువు గురించి మనం ఇన్నాళ్ళూ నేర్చుకున్నదే తప్పు. రెండింట్లో ఏదైనా నాకు సమ్మతమే. ఫలానా బరువుతో, ఇంత బలంగా తగిలే కణం అది కాదని మేం తేల్చి చెప్పాం. అలాంటిదాన్ని ఇంకెవరూ మళ్ళీ వెతకక్కర్లేదు. మీకది తక్కువగా కనిపిస్తే నేనేం చేయలేను. లేనిది దొరికిందనడం ఎంత అబద్ధమో, దొరకనిది లేదనడమూ అంతే అబద్ధం. మూసేటప్పుడు నిజం రాయండి. మాకు ఓపిక అయిపోయిందని రాసి సంతకం పెట్టండి."

మేడమ్ మొహం ఎర్రబడింది. ఆవిడ పెద్దాయనవైపు తిరిగింది.

"మీరు దొరికిందని నాకు ఫోన్లో చెప్పారు. ఇప్పుడే ఈవిడకి మతి స్థిమితంగా లేదన్నారు. దేన్ని నమ్మమంటారు?"

పెద్దాయన స్క్రీన్ వైపు చూశాడు, ఆ ఎర్ర చుక్కలవైపు కాదు, మిగిలిన ఆ ఒక్కదానివైపు. లేచి నిలబడ్డాడు.

"ఆవిణ్ణి నమ్మండి. రెండని చెప్పమని నిన్న బతిమాలింది నేను. నా మొహం మీదే కాదంది. ఇవాళ మతి లేనిది నాకు." మేడమ్‌వైపు తిరిగాడు. "మేం ఏటేటా దొరకలేదని చెబితే, ప్రపంచంలో ఒక్కరు కూడా ఎదురు ప్రశ్న వేయకుండా ఆ మాట నమ్మారు. ఎందుకు నమ్మారో ఇప్పుడు మీ కళ్ళతో మీరే చూశారు. ఈ ల్యాబు సంపాదించింది అదొక్కటే. దాన్ని నేను అమ్మబోయాను. ఆవిడ అమ్మనివ్వలేదు. నా గురించి ఏం రాసుకుంటారో రాసుకోండి."

మేడమ్ హెల్మెట్ మళ్ళీ నెత్తిన పెట్టుకుంది. "ఈ ఏడాది చివరిదాకా నడపండి. ఆ తర్వాత ట్యాంకు ఖాళీ చేయాల్సిందే," అంది. ఆవిణ్ణి ఎవరూ బతిమాలలేదు, ఎవరూ దండం పెట్టలేదు. లెక్కలాయన కళ్ళు తుడుచుకుని, కుర్చీ ముందుకి లాక్కుని, మిగిలిన ఆ ఒక్క చుక్క తాలూకు అంకెలు మొదటినుంచీ మళ్ళీ తెరిచాడు.

సాయంత్రం గని లిఫ్టులో పైకెళ్ళేటప్పుడు ఉప్పక్క పక్కనే పెద్దాయన నిలబడ్డాడు. రాతి గోడ కళ్ళముందు నుంచి కిందికి జారిపోతూ ఉంది.

"నా మీద కోపంగా ఉందా అమ్మాయ్?"

"ఉంది. చాలా ఉంది. నలుగురిలో మతి లేదన్నారు. అది తొందరగా పోయే కోపం కాదు."

"పోనివ్వకు," అన్నాడాయన. మళ్ళీ మెల్లగా అడిగాడు. "రేపట్నుంచి నేనింక రానక్కర్లేదేమో?"

"ఎందుకు రానక్కర్లేదు? పొద్దున షిఫ్టు మీది. ఏడాది చివరిదాకా టైముంది. ఆ ఒక్కటీ ఏమిటో తేల్చకుండా తప్పించుకు పోదామనుకుంటున్నారేమో, ఇంటికొచ్చి లాక్కొస్తాను."

లిఫ్టు పైకి చేరి తలుపు తెరుచుకున్నాక కూడా, ఆవిడ ముందు దిగేదాకా పెద్దాయన అక్కడే తల వంచుకుని నిలబడ్డాడు.